మొదటి స్థానంలో పాల ప్యాకెట్టు

ఆ రోజుకు కత్తెర వేసుకున్న పథకం చాలా చిన్నది. మీటింగులో నడుము పైభాగమే కనిపిస్తుంది కాబట్టి ఒక్క చొక్కా ఇస్త్రీ చేసుకోవాలి. సెర్చ్ ఇంజనులో తన పని ఇంకా మొదటి స్థానంలోనే ఉందో లేదో ఒకసారి చూసుకోవాలి. మధ్యాహ్నం మూడు గంటలకు పరుపుల కంపెనీ మేనేజరుకు దాన్ని చూపించాలి. అంతే. ఇంత చిన్న పథకాన్ని చెడగొట్టడం పగవాళ్ల వల్ల అయ్యే పని కాదు. దానికి సొంతవాళ్లే పూనుకోవాలి.

కత్తెర అన్నది బాబాయి పెట్టిన పేరు. ఎవరు ఏం మాట్లాడినా మధ్యలో ఆపి, "ఇందులో సగం మాటలు అక్కర్లేదు" అంటుందని అలా పిలిచాడు, అదే స్థిరపడిపోయింది. ఆమె చేసే పనే అది. ఫోనులో మనం ఏదైనా వెతికితే వరసగా జవాబులు వస్తాయి కదా, ఒక్కో జవాబుకు పైన నీలంరంగులో ఒక లైను, కింద బూడిదరంగులో రెండు లైన్లు ఉంటాయి. పైదాన్ని టైటిల్ అంటారు, కిందిదాన్ని డిస్క్రిప్షన్ అంటారు. అవి వాటంతట అవి పుట్టవు. ఎవరో ఒకరు కూర్చుని, అక్షరాలు లెక్కపెట్టుకుని, చూసినవాళ్ల వేలు దాని మీదే పడేలా రాయాలి. ఆ ఎవరో ఒకరు కత్తెర. ఈ సంగతి చుట్టాలకు చెప్పీ చెప్పీ ఆమె నోరు అరిగిపోయింది. "మూడు లైన్లకి ఒక ఉద్యోగమా? మావాడు పరీక్షలో అడిషనల్ షీట్లు నింపుతాడు, వాడికేమీ రాలేదు" అని ఒక పెద్దాయన నిట్టూర్చాడు కూడా.

పాత ఆఫీసులో ఇదే పని చేసేది. అక్కడి బాసు ఆమె రాసిన ప్రతి టైటిల్‌కూ ముందు 'నంబర్ వన్' అని తగిలించి, వెనక ఆశ్చర్యార్థకాలు గుప్పించేవాడు. ఓర్చుకున్నన్నాళ్లు ఓర్చుకుని, ఒకరోజు ఉద్యోగం మానేసి సొంతంగా మొదలుపెట్టింది. "నువ్వే తిరిగొస్తావు, నీ కుర్చీ అలాగే ఉంచుతా" అని సాగనంపాడు ఆయన. అన్నట్టే ఉంచాడు. నిన్న ఫోను చేసి, "రేపు సాయంత్రం దాకానే ఆ కుర్చీ నీది, తర్వాత ఇంకొకళ్లకి ఇచ్చేస్తా" అని గడువు పెట్టాడు. ఇన్నాళ్లలో కత్తెరకు దొరికిన పెద్ద ఆశ ఆ పరుపుల కంపెనీ ఒక్కటే. వాళ్ల వెబ్‌సైటు నిండా పరుపులే, ఒక్కో పరుపుకు ఒక్కో పేజీ. వాటన్నిటికీ టైటిళ్లూ డిస్క్రిప్షన్లూ రాసే పని దొరికితే ఇక ఆ కుర్చీ మొహం చూడనక్కర్లేదు. దొరకకపోతే సోమవారం పొద్దున్న మళ్లీ ఆశ్చర్యార్థకాల మధ్య కూర్చోవాలి.

"మీరు చేసిన పని ఏదైనా చూపించండి" అన్నాడు పరుపుల మేనేజరు. చూపించడానికి ఆమె దగ్గరున్నది బాబాయి గారి కుట్టుమిషన్ల రిపేరు షాపు పేజీ ఒక్కటే. దాని పేరే ఆయనకు చెప్పి ఉంచింది. ఊళ్లో ఎవరు కుట్టుమిషన్ రిపేరు అని వెతికినా అదే ముందు వచ్చేలా చేసింది. దాని కోసం ఆమె బాబాయితో చేసిన యుద్ధం అంతా ఇంతా కాదు. పేజీలో తన మాట ఒక్కటైనా ఉండి తీరాలని ఆయన పట్టు. ఆ మాట ఏమిటంటే, "మిషను పాడవడానికి సగం కారణం మీరే. నూనె వెయ్యరు, మూత పెట్టరు. అయినా తీసుకురండి, చూస్తాను." గిరాకీని ఎవరైనా తిడతారా అని ఆమె నెత్తీ నోరూ కొట్టుకున్నా ఆయన దిగిరాలేదు. చివరికి దాన్ని పేజీలో అట్టడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో, ఎవరి కంటా పడనిచోట పెట్టి ఆయన్ను చల్లబరిచింది.

చొక్కా ఇస్త్రీ అయింది. టీ గ్లాసు పక్కన పెట్టుకుని, ఫోనులో 'కుట్టుమిషన్ రిపేరు' అని వెతికింది. బాబాయి షాపే మొదట వచ్చింది. టైటిల్ తను రాసిందే. హమ్మయ్య అనుకుని కిందికి చూసింది.

"వచ్చేటప్పుడు పాలు తీసుకురండి. చిరిగిన చొక్కాతో రాకండి. మా అక్క పాత సంగతులు ఎత్తితే మాట కలపకండి, రాత్రి దాకా ఆపదు. మర్చిపోతే..."

డిస్క్రిప్షన్ పొడుగెక్కువైతే సెర్చ్ ఇంజను అక్కడికి తెంపేసి మూడు చుక్కలు పెడుతుంది. కత్తెర కళ్లు నులుముకుని మళ్లీ చదివింది. ఈసారి పైకి చదివింది. అక్కడే తప్పు చేసింది. పక్కగదిలోంచి అమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఎవరి అక్క?"

"ఏమో అమ్మా."

"ఏమో ఏంటే? అది మీ బాబాయి షాపు. ఆయనకి అక్కల్లేరు. ఈ మాట మా చెల్లెలిది. దాని అక్కని నేనే."

అమ్మ వాదనలో ఎక్కడా చిల్లు లేదు.

"మొన్న ఆదివారం వెళ్తే ఆయన నోరు మెదపకుండా కూర్చున్నాడు. పాపం, ఎంత శ్రద్ధగా వింటున్నాడో అని ఇంకో రెండు సంగతులు ఎక్కువ చెప్పా. ఇదా అసలు కథ!"

"అమ్మా, నాకు మీటింగు ఉందే!"

"నీకొక్కదానికేనా? నాకూ ఉంది దానితో" అని అమ్మ చెప్పులు వెతుక్కోసాగింది.

కత్తెర బాబాయికి ఫోను చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. ఎత్తలేదు. ఎత్తితేనే ఆశ్చర్యపోవాలి. ఇస్త్రీ చొక్కా నలిగిపోతుందేమోనని భయపడుతూనే రెండు సందుల అవతల ఉన్న షాపుకు పరుగు పెట్టింది. దారి పొడవునా తనను తనే తిట్టుకుంది. ఆ పేజీ పాస్‌వర్డ్ పిన్నికి ఇచ్చింది తనే. బాబాయి మతిమరుపు మనిషని, "షాపు టైములు మారితే ఇక్కడ మార్చు పిన్నీ, ఇక్కడేం రాస్తే అదే లోకమంతా చూస్తుంది" అని పక్కన కూర్చుని నేర్పించింది కూడా తనే. కోరి కొరివితో తల గోక్కోవడమంటే ఇదే.

షాపులో బాబాయి ఒక పాత మిషనుకు కొత్త మోటారు బిగించి, దాన్ని పరుగెత్తిస్తూ చెవి ఒగ్గి వింటున్నాడు. మిషను తిరుగుతున్నంతసేపూ ఆయనకు ఇంకేదీ వినపడదు. ఆగాక ఆయన వినడు. ఫోను సొరుగులో గుడ్డపీలికల కింద మోగి మోగి ఊరుకుంటుంది. ఆయనకు ఉన్న ఒకే ఒక్క సరదా కత్తెర పుణ్యమా అని అంటుకుంది. తన షాపు అందరికంటే ముందు వస్తోందని ఆమె చూపించిన రోజు నుంచీ, గంటకోసారి కంప్యూటరులో తన షాపును తనే వెతుక్కుని, తనే మొదట రావడం చూసుకుని, మీసం దువ్వుకుంటాడు.

అయితే కత్తెరను గుమ్మంలోనే నిలబెట్టేసింది బాబాయి కాదు, బల్ల. షటిళ్లూ బెల్టులూ ఉండాల్సిన బల్ల మీద పాల ప్యాకెట్లు వరసగా పడుకుని ఉన్నాయి. వీధి చివరి టైలరమ్మ ఇంకో ప్యాకెట్టు పట్టుకుని, కాళ్ల దగ్గర మిషను దించుకుని, ఏదో పెళ్లికి వెళ్తున్నదానిలా తయారై నిలబడింది.

"ఇదిగోనమ్మా, నావి కూడా తీసుకోండి. కుడుతుంటే దారం తెగిపోతోంది. పాలు తెస్తేనే చూస్తారటగా."

"ఎవరండీ చెప్పింది?"

"ఎవరో చెప్పడమేంటి, ఫోనులో మీరే పెట్టారుగా! చిరుగు బట్టలతో రావద్దన్నారని మా ఆయన్ని ఆపేసి నేనొచ్చా. ఆయనవన్నీ చిరుగులే. టైలరు మొగుడని పేరే గానీ ఎవరు కుడతారు చెప్పండి." అని గొంతు తగ్గించింది. "ఆ అక్కగారు లోపలున్నారా? ఉంటే చెప్పండి, మిషను ఇక్కడ పెట్టేసి మాట్లాడకుండా వెళ్లిపోతా."

"లేరండీ. ఎవరూ లేరు."

"బతికించారు. మరి, మర్చిపోతే అని చుక్కలు పెట్టారు. మర్చిపోతే ఏం చేస్తారేంటి?"

మిషను ఆగింది. కత్తెర టైలరమ్మను దాటుకుని బాబాయి ముందు నిలబడింది.

"బాబాయ్, ఏంటిది?"

"పాలు."

"పాలని తెలుస్తూనే ఉంది. ఎందుకు?"

"మీ పిన్ని తెమ్మని రాసిందిగా. రోజూ తీసుకెళ్తున్నా. మొదట నేనే కొన్నా, ఇప్పుడు పార్టీలే తెస్తున్నారు. నీ పని మాత్రం అద్భుతం అమ్మా కత్తెరా. నూనె వెయ్యండయ్యా అని నేను ఎన్నేళ్లుగా మొత్తుకున్నా ఒక్కళ్లు వెయ్యలేదు. నువ్వు పెట్టిన చోట పాలు అని రాస్తే పరిగెత్తుకుని తెస్తున్నారు!"

"పిన్ని ఒక్కరోజుకి రాసింది బాబాయ్! రోజూ తెమ్మని కాదు."

"రోజూ అక్కడే ఉంది మరి."

"ఇంట్లో వద్దని చెప్పట్లేదా పిన్ని?"

"చెప్తుంది. నోటిమాటదేముంది, పూటకొకటి అంటుంది. రాసింది మాత్రం మారలేదు. నేను దాన్నే నమ్ముతా."

కత్తెరకు ఒళ్లు మండిపోతున్నా, ఇక్కడ చిన్న సంగతి చెప్పుకోవాలి. సెర్చ్ ఇంజను ఒక బద్ధకపు చుట్టం. మనం పేజీలో ఏం మార్చినా, అది తీరిగ్గా వచ్చి చదువుకుని వెళ్లేదాకా లోకానికి పాతదే కనిపిస్తుంది. ఎప్పుడొస్తుందో చెప్పదు. త్వరగా రమ్మని బతిమాలడానికి ఒక బటన్ ఉంది గానీ, దాన్ని నొక్కితే నొక్కామన్న తృప్తి తప్ప ఇంకేమీ దక్కదని ఆ వృత్తిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. కత్తెర బాబాయి కంప్యూటరులో పేజీ తెరిచి చూసింది. డిస్క్రిప్షన్ రాసే చోట, లోకం ఇంకా చూడని పిన్ని తాజా సందేశం ఉంది. "పాలు చాలు. పాలు వద్దు. నోటితో చెప్తే వినరు, ఇక్కడైనా చదవండి. ఫ్రిజ్ తలుపు పడట్లేదు."

ఆమె పళ్లు నూరుకుంటూ దాన్ని చెరిపేసింది. తన పాత డిస్క్రిప్షనును మళ్లీ పెట్టింది. బతిమాలే బటన్ నొక్కింది. ఇంకోసారి నొక్కింది.

"అమ్మా, అయితే ఇప్పుడు మా ఆయన రావచ్చా?" అంది టైలరమ్మ భుజం మీదుగా తొంగిచూస్తూ.

కత్తెర పిన్ని ఇంటి వైపు పరుగెత్తింది. ఆ విసురులో కంప్యూటరులో పేజీ తెరిచినది తెరిచినట్టే వదిలేసింది.

పిన్ని వంటింట్లో గిన్నెల్లో పాలు, చెంబుల్లో పాలు, పూలు పెట్టుకునే గాజు కూజాలో కూడా పాలు. పిన్ని వాటి మధ్య స్టూలు వేసుకుని ప్రశాంతంగా కూర్చుంది.

"పిన్నీ! అక్కడ రాస్తే లోకమంతా చూస్తుందని చెప్పానా లేదా?"

"చెప్పావు. లోకంలో మీ బాబాయి లేడా?"

కత్తెర గిన్నెల మధ్య చోటు చూసుకుని కూలబడింది.

"చూడవే అమ్మడూ" అంది పిన్ని. "పెళ్లయిన రోజు నుంచి ఈ మనిషికి చెప్తూనే ఉన్నా. చెవుడా అంటే కాదు, ఎక్కడో మిషనులో సూది వంగితే చప్పుడు విని చెప్పేస్తాడు. నా మాట ఒక్కటే ఆ చెవికి ఎక్కదు. ఒకరోజు కసికొద్దీ, ఆ టైములు మార్చే చోట 'సాయంత్రం త్వరగా రండి' అని రాశా. ఆ పూటే వచ్చాడే! గుమ్మంలో నిలబడి, 'ఎందుకు రమ్మన్నావు' అని అడిగాడు. ఏం చెప్పను? ఎందుకూ లేదు. ఊరికే రమ్మన్నా. నాకు ఏడుపొచ్చింది."

కత్తెర కోపం ఒక్క క్షణం జావగారిపోయింది. రాసిన రెండు లైన్లు చదివి ఒక మనిషి కదిలి రావడం కోసమే కదా తను కూడా ఉద్యోగం మానుకుంది. పిన్ని మీద జాలేసింది. ఆ వెంటనే గోడ మీద గడియారం కనిపించి జాలి ఎగిరిపోయింది.

"సరే పిన్నీ, తర్వాత్తర్వాత నీ మాట ఆలస్యంగా చేరుతోందని తెలిసింది కదా, ఆపొచ్చుగా?"

"ఆలస్యంగానైనా చేరుతోంది కదే. అందుకే వచ్చే వారం రాబోయే కోపాన్ని కూడా ముందే రాసి పెట్టుకుంటున్నా."

అప్పుడే అమ్మ వచ్చింది. చెప్పులు గుమ్మం బయట విడిచిన చప్పుడును బట్టే ఎంత కోపంలో ఉందో తెలిసిపోయింది.

"నేను రాత్రి దాకా ఆపనా?"

"అబద్ధమా అక్కా?"

"అబద్ధమే! ఆదివారం ఎనిమిదింటికే వెళ్లిపోయాను."

"ఎనిమిదంటే రాత్రి కాక పగలా?"

"నా పరువంతా ఆ ఫోనులో తీశావు. అందులోనే తిరిగి పెట్టు. మా అక్క మంచిదని రాయి. ఇప్పుడే, నా కళ్ల ముందు రాయి."

"మంచిదని రాస్తా. తక్కువ మాట్లాడుతుందని మాత్రం రాయను."

"ఎవరూ ఏమీ రాయకండి!" అని కత్తెర అరిచింది. ఆ అరుపుకు గాజు కూజాలో పాలు తొణికాయి. ఇద్దరూ ఆమె వైపు జాలిగా చూశారు. ఈ పిల్లకు ఈమధ్య విసుగెక్కువైందని అమ్మ అంది, ఆ ఉద్యోగం మానేసినప్పటి నుంచేనని పిన్ని అంది. అంతసేపూ కొట్లాడుకున్న అక్కాచెల్లెళ్లు ఈ ఒక్క విషయంలో చప్పున ఏకమయ్యారు.

కత్తెర ఫోను తీసి మళ్లీ వెతికింది. ఎన్ని రోజులు పిలిచినా రాని సెర్చ్ ఇంజను ఈసారి పిలవగానే వచ్చి చదువుకుని పోయింది. డిస్క్రిప్షన్ ఆమెదే, అక్షరం పొల్లుపోలేదు. "అనుభవం గల మెకానిక్, అదే రోజు సర్వీసు, మీ ఇంటికే వచ్చి బాగుచేస్తారు. ఇప్పుడే ఫోను చేయండి." దాని పైన, నీలంరంగు పెద్ద అక్షరాల్లో, టైటిల్ ఇలా ఉంది.

"పాలు చాలా ఉన్నాయి. ఇంకేం కావాలో చెప్పు. వంటయిందా?"

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. మళ్లీ షాపుకు పరుగు. చొక్కా చెమటకు తడిసి ఒంటికి అంటుకుపోయింది. బాబాయి కంప్యూటరు ముందు కూర్చుని, పిన్ని దగ్గర నుంచి జవాబు వచ్చిందేమోనని ఎదురుచూస్తున్నాడు.

"బాబాయ్, అది టైటిల్! షాపు పేరుండే చోటు! అందులో వంటయిందా అని రాస్తారా ఎవరైనా?"

"కింద రాద్దామనుకున్నానమ్మా. ఆ అక్షరాలు మరీ చిన్నవి. మీ పిన్ని కళ్లజోడు పెట్టుకోదు. పైన పెద్దగా ఉంటే కనిపిస్తుందని రాశా."

ఇంత ప్రేమ ఉన్న మనిషి ఫోను ఎత్తి ఆ ముక్క అడగొచ్చు కదా అని ఆమె అడగలేదు. అడిగే ఓపిక లేదు. టైటిల్ సరిచేసింది. ఈసారి పేజీ మూసి, కంప్యూటరు ఆపి, ప్లగ్గు కూడా పీకేసింది. ఇంటికి వెళ్తూ దారి పొడవునా ఫోనులో బతిమాలే బటన్ నొక్కుతూనే ఉంది. సెర్చ్ ఇంజను మళ్లీ తన పాత బుద్ధికి వచ్చింది. మూడు గంటలకు ఐదు నిమిషాల ముందు కూడా మొదటి స్థానంలో బాబాయి వంటయిందా అని అడుగుతూనే ఉన్నాడు.

కత్తెర నలిగిన చొక్కాతోనే లాప్‌టాప్ ముందు కూర్చుంది. ఒకటే దారి మిగిలింది. అంతా బాగున్నప్పుడు ఆ సెర్చ్ జవాబును తీసి దాచుకున్న ఫోటో ఒకటుంది, దాన్ని చూపించి, ఆయన తనంతట తాను వెతకకుండా మాటల్లో పెట్టాలి. తెర మీద పరుపుల మేనేజరు ప్రత్యక్షమయ్యాడు.

"నమస్తే సార్. నా పని ఒక ఫోటోలో..."

"ఫోటో ఎందుకండీ, పొద్దున్నే నేనే వెతికి చూసేశాను."

కత్తెర గుండె జారి కుర్చీ కింద పడింది. "సార్, దానికో కారణముంది. మా పిన్ని..."

"కారణం సంగతి పక్కన పెట్టండి. ఇన్నేళ్లలో నేను అట్లాంటి డిస్క్రిప్షన్ చూడలేదు."

పాత ఆఫీసు కుర్చీ ఆమె కళ్ల ముందు కదలాడింది. దాని చిరిగిన కుషను కూడా కనిపించింది.

"మిషను పాడవడానికి సగం కారణం మీరే" అని మేనేజరు ఒక్కో మాటా రుచి చూస్తున్నట్టు చదివాడు. "నూనె వెయ్యరు, మూత పెట్టరు. అయినా తీసుకురండి, చూస్తాను."

కత్తెర తల ఎత్తింది.

"మా ఆవిడ మిషను మొరాయించిందండీ. మీ షాపు ఎట్లాగూ చూడాలి కదా అని, 'కుట్టుమిషన్ ఎందుకు పాడవుతుంది' అని వెతికాం. వచ్చినవన్నీ మేమే నంబర్ వన్, మేమే నంబర్ వన్ అని అరుస్తున్నాయి. ఇదొక్కటే తిట్టింది. మా ఆవిడ ముందు కోప్పడింది. తర్వాత నవ్వింది. ఆ తర్వాత మిషను మూత ఎక్కడుందో వెతకడానికి వెళ్లింది. ఇంకా దొరకలేదు."

సెర్చ్ ఇంజనుకు ఈ గుణం కూడా ఉంది. అడిగిన ప్రశ్నకు మనం రాసిచ్చిన డిస్క్రిప్షన్ సరిపోలేదనుకుంటే, దాన్ని అవతల పడేసి, పేజీలో తనకు నచ్చిన ముక్కను ఏరి చూపిస్తుంది. ఎందుకు పాడవుతుందని అడిగితే, పేజీ అట్టడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న బాబాయి మాటను వెతికి పట్టుకుని నెత్తిన పెట్టుకుంది. ఈ గుణం గురించి కత్తెర ఎంతోమందికి పాఠాలు చెప్పింది.

"మాకు ఇలాంటివే కావాలండీ, ప్రతి పరుపుకీ ఒకటి" అన్నాడు మేనేజరు. "పరుపు గుంట పడిందంటే కంపెనీని తిడతారు. దాని మీద కూర్చుని భోంచేస్తారు, పిల్లల్ని గెంతనిస్తారు, ఒకే పక్క పడుకుంటారు. సగం తప్పు వాళ్లదే. ఇట్లాగే కడిగేసి, అయినా రండి అనాలి. రాయగలరా?"

"సార్, ఆ మాట మా బాబాయిదండీ."

"ఎవరిదైతేనేం, పేజీలో పెట్టింది మీరేగా?"

పెట్టింది ఆమే. ఎక్కడ పెట్టిందో, ఎందుకు అక్కడ పెట్టిందో ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు. పని ఆమెకే ఖాయమైంది. నమూనాకు మొదటి పరుపు గురించి రేపే పంపమన్నాడు. మీటింగు ముగించబోతూ ఆయన ఫోనులో ఏదో చూసుకుని ఆగాడు.

"అన్నట్టు, అడ్రసు కోసం ఇప్పుడే మళ్లీ వెతికానండీ. రేపు మిషను తెస్తాం. పాలు చాలా ఉన్నాయని పెట్టారు, అయితే వంట ఏమైనా చేయించుకు రావాలా?"

"ఏమీ వద్దండీ. మిషను చాలు. మూత కూడా తెండి" అంది కత్తెర నీరసంగా.

ఆమె ముందుగా పాత బాసుకు ఫోను చేసి, కుర్చీ ఇంకెవరికైనా ఇచ్చేయమని చెప్పింది. ఆ ఒక్క మాట చెప్పినప్పుడు ఆ రోజు పడ్డ పరుగంతా మర్చిపోయింది. ఆ సంతోషంలోనే మొదటి పరుపును తిట్టడానికి కూర్చుంది. "గౌరవనీయులైన వినియోగదారులకు, పరుపు గుంట పడటంలో బహుశా మీ వైపు నుంచి కూడా..." అని రాసి చెరిపేసింది. "మీరు తప్పు చేశారని మేము అనడం లేదు గానీ..." అని రాసి అదీ చెరిపేసింది. ఎంత ప్రయత్నించినా ఆమె చేతికి తిట్టు రాలేదు. ఇన్నేళ్లూ అందరి మాటలకూ పదును తీసి తీసి, సొంత నాలుక మొద్దుబారిపోయింది.

బాబాయికి ఫోను చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. ఎత్తలేదు. ఇంతలో అమ్మా పిన్నీ చెరో పాలచెంబు పట్టుకుని కబుర్లాడుకుంటూ లోపలికి వచ్చారు. రాజీ ఎప్పుడు కుదిరిందో, ఎలా కుదిరిందో వాళ్లకే తెలియాలి.

"ఎవరికే ఫోను?" అంది పిన్ని.

"బాబాయికి. అర్జంటుగా ఆయనతో పనుంది."

"వెళ్లి నోటితో చెప్పు, వింటాడు" అని పిన్ని పకపకా నవ్వింది.

కత్తెర ఫోను పక్కన పడేసి లాప్‌టాప్ దగ్గరకు జరిగింది. తర్వాత షాపు పేజీ తెరిచింది. అనుభవం గల మెకానిక్ అని అక్షరాలు లెక్కపెట్టి రాసుకున్న డిస్క్రిప్షనును తన చేత్తోనే చెరిపేసి, ఆ చోట ఇలా రాసింది. "బాబాయ్, ముందు కంప్యూటరు ప్లగ్గు పెట్టుకో. సాయంత్రం మా ఇంటికి రా, పరుపులు వాడేవాళ్లని తిట్టాలి. పాలు తేవద్దు. మర్చిపోతే..." బతిమాలే బటన్ నొక్కింది. తను రాసింది ఒకసారి చదువుకుంది. ప్లగ్గు పీకి ఉంటే ఆయన ఇది ఎలా చదువుతాడన్న ఆలోచన అప్పుడు వచ్చింది. అయినా ఇంకోసారి నొక్కింది.

షాపు అక్కడికి రెండు సందుల అవతలే.